ఏ లెవెల్ సోషియాలజీ, ఏక్యూఏ 7192: చదివినదానికి కాదు, వాడినదానికి మార్కు

ఇంగ్లండ్‌లో ఏక్యూఏ అనే పరీక్షల బోర్డు నడిపే ఏ లెవెల్ సోషియాలజీ కోర్సు (కోడ్ 7192) గురించి ముందు తీర్పు చెప్పేస్తే గొడవ వదులుతుంది. రాయడం అలవాటున్న పిల్లలకు ఇది మంచి కోర్సు. పెన్ను పట్టుకోగానే చెయ్యి నొప్పి పుట్టేవాళ్లకు రెండేళ్ల శిక్ష. "లెక్కలు లేవు, ల్యాబు లేదు, పేపరు చదివితే వచ్చేస్తుంది" అనుకుని చేరినవాళ్లు ఇయర్ 12 (రెండేళ్లలో మొదటి ఏడాది) క్రిస్మస్ టెస్టులో డి గ్రేడు చూసి బిత్తరపోతుంటారు. తెలివి తక్కువై కాదు. ఈ పరీక్ష మీకేం తెలుసని అడిగి ఊరుకోదు, తెలిసినదాన్ని ఎదురుగా ఉన్న ప్రశ్నకు అతికించమంటుంది. ఆ అతికించడం దగ్గరే మార్కులన్నీ జారిపోతాయి.

ఇంగ్లండ్‌లో సిక్స్త్ ఫారం అంటే మన ఇంటర్ వయసే, పదహారు నుంచి పద్దెనిమిది. చాలామంది మూడు సబ్జెక్టులు తీసుకుంటారు. సోషియాలజీకి జీసీఎస్ఈలో (మన పదో తరగతి లాంటి పరీక్షలో) ఆ సబ్జెక్టు చదివి ఉండక్కర్లేదు, ఇంగ్లిష్‌లో మంచి గ్రేడు ఉంటే చాలు. ఇక్కడ సమీక్షిస్తున్నది ఏక్యూఏ బోర్డు కోర్సు, ఎక్కువ స్కూళ్లలో నడిచేది అదే కాబట్టి. ఓసీఆర్, ఎడ్యుకాస్ బోర్డుల్లో పేపర్ల కూర్పు వేరు, ప్రశ్నల మాట తీరు కూడా వేరు. పుస్తకం కొనే ముందు "ఏ బోర్డు?" అని స్కూల్లో అడగండి. పాతికా ముప్ఫై పౌండ్లు పెట్టి వేరే బోర్డు పుస్తకం తెచ్చుకుని, సగం టాపిక్‌లు లేవేంటని తల పట్టుకునేవాళ్లు తక్కువేం కాదు.

కోర్సువర్కు లేదు, ప్రాక్టికల్స్ లేవు. ఇయర్ 13 చివర్లో మూడు పేపర్లు, ఒక్కోటి రెండు గంటలు, 80 మార్కులు. మొత్తం 240. మొదటి పేపరులో ఎడ్యుకేషన్, దాంతోపాటు మెథడ్స్, అంటే పరిశోధన పద్ధతులు. రెండోదాంట్లో స్కూలు ఎంచుకున్న రెండు టాపిక్‌లు, ఎక్కువగా కుటుంబం ఒకటి, మతవిశ్వాసాలో మీడియానో ఇంకొకటి. మూడోది క్రైమ్, దానికి తోడు థియరీ, మెథడ్స్. పిల్లలు క్రైమ్ అనగానే హుషారవుతారు, మెథడ్స్ అనగానే ఆవలిస్తారు. కానీ లెక్క వేసి చూడండి. మొదటి పేపరులో మెథడ్స్‌ని ఎడ్యుకేషన్‌కి అన్వయించే ప్రశ్నకు 20, థియరీ, మెథడ్స్‌కి 10, మూడో పేపరులో మళ్లీ 30. అరవై మార్కులు, అంటే పరీక్షలో పావు వంతు. ఆవలించే భాగమే గ్రేడు తేలుస్తుంది.

టైము లెక్క సులువు: మార్కుకి నిమిషంన్నర. మొదటి పేపరు మొదటి మూడు ప్రశ్నలకు 4, 6, 10 మార్కులు, అంటే ముప్ఫై నిమిషాలు. తర్వాత 30 మార్కుల వ్యాసానికి నలభై ఐదు. ఆ తర్వాత 20 మార్కుల ప్రశ్నకు ముప్ఫై, చివరి 10 మార్కులకు పదిహేను. కాబట్టి వ్యాసం ముప్ఫయ్యో నిమిషంలో మొదలవ్వాలి, మెథడ్స్ ప్రశ్న డెబ్బై ఐదో నిమిషంలో, చివరిది నూట ఐదో నిమిషంలో. హాల్లో కూర్చోగానే ఈ మూడు టైములూ గడియారం ప్రకారం లెక్కేసి రఫ్‌లో రాసుకోవడం బాగా పనిచేసే చిట్కా. ఎక్కువమందికి జరిగేదేమంటే, వ్యాసం గంట దాకా సాగి చివరి పది మార్కుల ప్రశ్న ఖాళీగా మిగులుతుంది. వ్యాసంలో అదనంగా రాసిన పేజీకి రెండు మార్కులు రావచ్చు, రాకపోవచ్చు. ఖాళీ వదిలిన ప్రశ్నలో ఐదారు మార్కులు పోవడం మాత్రం ఖాయం.

4, 6 మార్కుల ప్రశ్నలకు పేరాలు రాయకండి. రెండు కారణాలో మూడు కారణాలో అడుగుతారు. ఒక్కోదానికి రెండు మార్కులు: కారణం చెబితే ఒకటి, దాన్ని ఒక వాక్యంలో విడమరిస్తే ఇంకొకటి. "డబ్బు లేకపోవడం", "పేదరికం" అని ఒకే కారణాన్ని రెండు పేర్లతో రాస్తే ఒకదానికే మార్కు పడుతుంది.

అసలు చిక్కు 'ఐటమ్' అనే పేరా దగ్గర. పది మార్కుల ప్రశ్న పైన చిన్న పేరా ఇచ్చి, దాన్ని వాడుతూ రెండు అంశాలు విశ్లేషించమంటారు. ఉదాహరణకి ఐటమ్‌లో ఇలా ఉందనుకోండి: "స్కూలు ఎంచుకునే హక్కు అందరికీ ఉన్నా, దాన్ని వాడుకునే సమాచారం అందరు తల్లిదండ్రుల దగ్గరా ఉండదు. లీగ్ టేబుల్లో (ఫలితాల ర్యాంకు జాబితాలో) పైన నిలవాలనుకునే స్కూళ్లు ఎలాంటి పిల్లలు చేరాలో చూసుకుంటాయి." మార్కెట్ విధానాల వల్ల (పిల్లల కోసం స్కూళ్లు పోటీపడేలా చేసే విధానాలు) వర్గాల మధ్య తేడా ఎలా పెరుగుతుందో రెండు రకాలుగా విశ్లేషించమని ప్రశ్న. ఈ పేరాలో రెండు కొక్కేలు ఉన్నాయి. మొదటి వాక్యంలో తల్లిదండ్రుల సమాచారం, రెండోదాంట్లో స్కూళ్ల ఎంపిక. సమాధానంలో ఉండాల్సినవి కచ్చితంగా ఈ రెండే. మొదటి కొక్కేనికి సమాజశాస్త్రవేత్త గెవిర్ట్జ్ లండన్‌లోని 14 స్కూళ్ల మీద చేసిన అధ్యయనం తగిలించాలి. చదువుకున్న మధ్యతరగతి తల్లిదండ్రులు అడ్మిషన్ల వ్యవహారం ఆనుపానులు తెలిసినవాళ్లు, శ్రామిక వర్గం వాళ్లు దగ్గర్లో ఉన్న స్కూలుతో సరిపెట్టుకుంటారు అని ఆమె అంటుంది. బోర్దియూ చెప్పిన సాంస్కృతిక పెట్టుబడి, అంటే డబ్బులా పనికొచ్చే చదువు, అభిరుచి, మాటతీరు, ఇక్కడే అతుకుతుంది. రెండో కొక్కేనికి బార్ట్‌లెట్: మీగడ తీసుకోవడం, మడ్డి పక్కకి నెట్టడం. బాగా చదివే పిల్లల్ని చేర్చుకుని, కష్టమైనవాళ్లని వేరే స్కూళ్లకి వదిలేయడం అన్నమాట. ఈ మార్కెట్ విధానాలు తెచ్చిన 1988 ఎడ్యుకేషన్ రిఫార్మ్ యాక్టు గురించి ఎంత బాగా తెలిసినా, ఐటమ్‌లో లేని మూడో అంశం తెచ్చి రాస్తే పైస్థాయి మార్కులు అందవు. ఈ పది మార్కుల్లో జ్ఞానానికి మూడు, అన్వయానికి నాలుగు, విశ్లేషణకి మూడు. అన్వయమే పెద్ద వాటా అని బోర్డే చెబుతోంది.

పక్కమాటగా ఒకటి: రీడింగ్‌లోనో స్లౌలోనో గ్రామర్ స్కూలు (ప్రవేశ పరీక్షతో చేర్చుకునే ప్రభుత్వ స్కూలు) కోసం ఇల్లు మారి, ఇయర్ 4 నుంచే ఎలెవెన్ ప్లస్ అనే ఆ ప్రవేశ పరీక్షకు కోచింగ్ పెట్టించే మన కుటుంబాలు గెవిర్ట్జ్ వర్ణించిన ఆ నేర్పరి తల్లిదండ్రులకు అచ్చమైన ఉదాహరణ. మంచి స్కూలు ఉన్న చోట ఇళ్ల ధర పెరిగి, అప్పు పుట్టినవాళ్ల పిల్లలకే సీటు దక్కడాన్ని 'సెలెక్షన్ బై మార్ట్‌గేజ్' (ఇంటి అప్పును బట్టి ఎంపిక) అని ఈ సిలబస్‌లోనే చదువుతారు. అది చదివిన సాయంత్రం భోజనాల దగ్గర ప్రశ్నలు వస్తే విసుక్కోకండి.

ముప్ఫై మార్కుల వ్యాసంలో జ్ఞానానికి 12, అన్వయానికి 9, విశ్లేషణ, మూల్యాంకనాలకి 9. ఇక్కడ రెండు తప్పులు మామూలు. ఒకటి సిద్ధాంతకర్తల పేర్ల జాబితా: డర్కైమ్ ఇలా అన్నాడు, పార్సన్స్ అలా అన్నాడు, ఆల్థుసర్ ఇంకోలా అన్నాడు అని పేరాకో పేరు. కిరాణా చీటీలా ఉంటుంది, వాదన ఉండదు. రెండోది విమర్శనంతా చివరి పేరాలో కుక్కడం. "ఫంక్షనలిస్టులు (సమాజంలో ప్రతి వ్యవస్థా అందరి మేలుకే పనిచేస్తుందనేవాళ్లు) సంఘర్షణని పట్టించుకోరు" అన్న వాక్యం బట్టీపట్టి ప్రతి వ్యాసం చివరా అంటిస్తారు, పరీక్షకుడికి కూడా కంఠతా వచ్చేసి ఉంటుంది.

మంచి విశ్లేషణ ఎలా ఉంటుందో చూడండి. బడి విధేయులైన కార్మికుల్ని తయారుచేస్తుందని మార్క్సిస్టులు బౌల్స్, గింటిస్ అంటారు. విల్లిస్ అనే పరిశోధకుడు చూసిన పన్నెండు మంది శ్రామిక వర్గపు కుర్రాళ్లు విధేయులు కాదు, టీచర్లని వెక్కిరిస్తారు, క్లాసు ఎగ్గొడతారు. కాబట్టి బౌల్స్, గింటిస్ తప్పు అని ఆపేస్తే సగం మార్కే. ఆ కుర్రాళ్లు ఎదురుతిరిగీ చివరికి అదే ఫ్యాక్టరీ పనికి చేరారు. అంటే బడి పిల్లల్ని విధేయుల్ని చేస్తుందన్న భాగం నిలవదు, వర్గం తరం నుంచి తరానికి అలాగే కొనసాగుతుందన్న భాగం ఇంకా గట్టిపడుతుంది. ఒకే అధ్యయనాన్ని అటూ ఇటూ తిప్పి చూపించడం. పై గ్రేడు వ్యాసాల్లో కనిపించేది ఇదే, ఇంగ్లిష్ అలంకారాలు కాదు.

మెథడ్స్ అన్వయం ప్రశ్నకి ఇంకాస్త ఆగాలి, ఎక్కువమంది బోర్లా పడేది ఇక్కడే. "పిల్లల చదువులో తల్లిదండ్రుల పాత్రను ప్రశ్నావళితో పరిశోధించడం ఎంతవరకు కుదురుతుంది?" లాంటిది వస్తుంది, 20 మార్కులు, జ్ఞానానికి 8, అన్వయానికీ 8, మూల్యాంకనానికి 4. పిల్లలు ప్రశ్నావళి గురించి తెలిసిందంతా రాసేస్తారు: చవక, త్వరగా అవుతుంది, నమ్మకంగా మళ్లీ చేయొచ్చు, లోతు తక్కువ. అన్నీ నిజాలే. కానీ ఇవి జైలు మీద పరిశోధనకైనా, ఆసుపత్రి మీద పరిశోధనకైనా వర్తిస్తాయి. తల్లిదండ్రుల సంగతి ఎక్కడ?

ప్రతి పాయింటుకీ ఆ మనుషుల్ని తేవాలి. ప్రశ్నావళి పిల్లాడి బ్యాగులో పెట్టి పంపితే అది ఇంటికి చేరుతుందా? చేరినా, బడితో మంచి సంబంధం ఉన్న తల్లిదండ్రులే నింపి పంపుతారు, అసలు తెలుసుకోవాల్సింది దూరంగా ఉండేవాళ్ల గురించి. ఇంగ్లిష్ చదవడం కష్టమైన తల్లికి అనువాదం కావాలి, అనువాదంలో ప్రశ్న మారిపోతే పోలిక కుదరదు. "రోజూ మీ పిల్లలకు పుస్తకం చదివి వినిపిస్తారా?" అంటే ఎవరు మాత్రం లేదంటారు? ఇంకో పక్క, తల్లిదండ్రులకు తీరిక తక్కువ, సాయంత్రం ఇంట్లో కూర్చుని టిక్కు పెట్టే కాగితం ఇంటర్వ్యూ కంటే వాళ్లకి నయం. పరిశోధకుడు తల్లిదండ్రుల జాబితా కోసం హెడ్ టీచర్ మీద ఆధారపడాలి, ఆయన ఒప్పుకోకపోతే శాంపిలే లేదు. ఇలా నాలుగైదు పాయింట్లు, ప్రతిదాంట్లో పద్ధతి, మనుషులు, విషయం మూడూ కలిసి ఉండాలి. ఇది సాధన చేస్తేనే వస్తుంది. పిల్లలు, టీచర్లు, తల్లిదండ్రులు, క్లాసు గది, స్కూలు అని ఐదు కాగితాలు పెట్టుకుని, ఒక్కోదాని మీద అక్కడ పరిశోధిస్తే ఎదురయ్యే చిక్కులు ఐదారు రాసి ఉంచుకుంటే ఏ పద్ధతి అడిగినా సగం సమాధానం సిద్ధం.

సరుకు సంగతికొస్తే, ఎడ్యుకేషన్ భాగం ఈ కోర్సుకే తలమానికం. పిల్లలు తామున్న వ్యవస్థ గురించే చదువుతారు. మన పిల్లలకు ఇంకో కారణం కూడా ఉంది, పుస్తకంలో వాళ్లూ ఉంటారు. లూయిస్ ఆర్చర్ చెప్పే మూడు రకాల విద్యార్థి గుర్తింపుల్లో ఆసియన్ పిల్లలు సహజమైన తెలివితో కాకుండా కష్టపడి, చెప్పినట్టు విని నెగ్గేవాళ్లుగా టీచర్ల కంట్లో పడతారు. బాగా చదివినా దాన్నీ లోపంగానే చూస్తారు. సెసీల్ రైట్ ప్రైమరీ స్కూలు అధ్యయనంలో టీచర్లు ఆసియన్ పిల్లలకు ఇంగ్లిష్ రాదనుకుని చర్చల్లో వదిలేయడం, పేర్లు తప్పు పలకడం నమోదైంది. ఇంటిపేరు ముందుండే తెలుగు పేరున్న పిల్లాడికి దీన్ని వివరించి చెప్పనక్కర్లేదు.

లోపం కూడా ఇక్కడే ఉంది. 'ఆసియన్' అన్న ఒక్క మాటలో గుజరాతీ వ్యాపారి మనవడు, బంగ్లాదేశీ హోటల్ కార్మికుడి కూతురు, నిన్న హైదరాబాద్ నుంచి వీసా మీద వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు కొడుకు అందరూ సర్దుకోవాలి. కుటుంబం టాపిక్‌లో 'ఆసియన్ ఉమ్మడి కుటుంబం' కూడా ఇలాంటిదే, రెండు జీతాల మీద నడిచే తెలుగు ఇల్లు అందులో ఇమడదు. అయితే జాగ్రత్త: "మా ఇంట్లో అలా లేదు" అని రాస్తే మార్కు రాదు. ఈ లోపాన్నే "ఆసియన్ అన్న వర్గీకరణ లోపలి వర్గ భేదాల్ని కప్పేస్తుంది" అని రాస్తే అది మూల్యాంకనం, దానికి మార్కు వస్తుంది. ఇంట్లో చూసినది దారి చూపాలి, రుజువుగా నిలబడకూడదు.

ఇంకో లోపం వయసు. టీచర్ల అంచనాల వల్ల పిల్లల ఫలితాలు మారతాయని చూపిన రోజంతాల్, జేకబ్సన్ ప్రయోగం 1968 నాటిది, విల్లిస్ పుస్తకం 1977 నాటిది. క్లాసిక్‌లు కాబట్టి ఉండాల్సిందే, కానీ ఇవాళ్టి అకాడమీల (స్థానిక ప్రభుత్వం చేతిలో లేని ప్రభుత్వ నిధుల స్కూళ్ల) గురించి, ఫోన్ల గురించి ఉదాహరణలు విద్యార్థే వెతుక్కోవాలి. వారానికి ఒకటి రెండు వార్తలు కత్తిరించి టాపిక్ వారీగా పెట్టుకున్నవాళ్లకు అన్వయం మార్కులు తేలిగ్గా వస్తాయి.

క్రైమ్ పేపరు ఆసక్తిగా ఉంటుంది, సిద్ధాంతాలు వరుసగా ఒకదానికొకటి జవాబుగా వస్తాయి కాబట్టి గుర్తుంటాయి కూడా. ఇంట్లో ఎవరైనా సివిల్స్‌కి సోషియాలజీ ఆప్షనల్ చదివి ఉంటే మెర్టన్ సిద్ధాంతం దగ్గర సాయం చేయగలరు, అక్కడి 'కన్ఫార్మిటీ, డీవియన్స్' ఇక్కడ స్ట్రెయిన్ థియరీగా (సమాజం పెట్టిన లక్ష్యాలు అందని ఒత్తిడి నుంచి నేరం పుడుతుందనే సిద్ధాంతం) ఐదు రకాల స్పందనలతో కనిపిస్తుంది. కాకపోతే ఆ నోట్సు యథాతథంగా ఇవ్వకండి, అక్కడి సమాధానం తీరు ఇక్కడ పనికిరాదు. గ్రీన్ క్రైమ్‌లో (పర్యావరణ నేరాల్లో) 1984 డిసెంబరు భోపాల్ మంచి ఉదాహరణ: చట్టం ఉల్లంఘిస్తేనే నేరమా, చట్టం బలహీనంగా ఉన్న దేశంలో జరిగిన హాని కూడా నేరమేనా? దీన్ని కంపెనీ పేరు, గ్యాసు పేరుతో వివరంగా రాసి, సిద్ధాంతానికి ముడిపెట్టడం మర్చిపోతారు కొందరు.

రెండో పేపరులో టాపిక్ ఎంపిక స్కూలుదే, పిల్లలది కాదు. మతవిశ్వాసాలైతే, భారతదేశంలో పెట్టుబడిదారీ విధానం ఎందుకు మొలకెత్తలేదో సమాజశాస్త్రవేత్త వేబర్ చేసిన వాదన ఉంటుంది, దానితో పోట్లాడటం మన పిల్లలకు సరదా. పరీక్ష కాగితంలో మిగతా టాపిక్‌ల ప్రశ్నలూ అచ్చవుతాయి, తమ టాపిక్ శీర్షిక చూసుకున్నాకే మొదలుపెట్టాలి. ఒక్కో టాపిక్ సెక్షనుకి అరవై నిమిషాలు: మొదటి రెండు ప్రశ్నలకు 15, 15, మూడోదానికి 30.

యూనివర్సిటీ దగ్గర విలువెంత? యూకాస్ (యూనివర్సిటీ దరఖాస్తులు చూసే సంస్థ) పాయింట్లలో తేడా లేదు, ఫిజిక్స్‌లో ఏ అయినా సోషియాలజీలో ఏ అయినా 48. మెడిసిన్‌కి వెళ్లేవాళ్లు కెమిస్ట్రీ, బయాలజీ పక్కన మూడోదిగా తీసుకోవచ్చు, చాలా మెడికల్ స్కూళ్లు ఒప్పుకుంటాయి. మూడోది కూడా సైన్సో మాథ్సో కావాలనేవి కొన్ని ఉన్నాయి, వెళ్లాలనుకున్న చోట వెబ్‌సైటు చూసుకోండి. లా, జర్నలిజం, సోషల్ వర్క్, నర్సింగ్, టీచింగ్ వైపు వెళ్లేవాళ్లకు నేరుగా పనికొస్తుంది. సైకాలజీతో జంటగా తీసుకుంటే మెథడ్స్ సగం కలిసొస్తాయి. హిస్టరీ, ఇంగ్లిష్ లిటరేచర్, సోషియాలజీ మూడూ కలిపితే మాత్రం వారమంతా వ్యాసాలే, ఆలోచించుకోండి.

ఖర్చు తక్కువ. ప్రభుత్వ సిక్స్త్ ఫారంలో ఫీజు లేదు, పాత ప్రశ్నపత్రాలు, మార్క్ స్కీములు బోర్డు వెబ్‌సైట్లో ఉచితం. ట్యూషన్ కంటే పరీక్షకుల నివేదికలే ఎక్కువ పనికొస్తాయి, ఏ ప్రశ్నలో పిల్లలు ఎక్కడ తప్పారో వాటిలో సూటిగా ఉంటుంది. చదువు పద్ధతికి ఒక్క సూచన: ప్రతి అధ్యయనానికి ఒక కార్డు, దాని మీద ఐదు గీతలు. పేరు, భావన, ఏం తేలింది, ఏ పద్ధతితో తేల్చారు, ఒక విమర్శ. నాలుగో గీత అందరూ వదిలేస్తారు. రాస్తే మెథడ్స్‌కి ఉదాహరణలు వాటంతటవే పోగవుతాయి. టాపిక్‌కి ఇరవై కార్డులు చాలు, అరవై రాసినవాళ్లు ఏదీ వాడలేరు. వారానికి ఒక పది మార్కుల ప్రశ్న, రెండు వారాలకొక వ్యాసం, గడియారం పెట్టుకుని, చేత్తో. ల్యాప్‌టాప్‌లో నోట్సు రాసుకునే పిల్లలకు పరీక్షలో రెండు గంటలు చేత్తో రాయాలన్న సంగతి మేలో గుర్తొస్తుంది. కారణముంటే కంప్యూటరు వాడే అనుమతి దొరుకుతుంది, దానికి స్కూలు ముందే ఏర్పాటు చేయాలి.

మాథ్స్, ఫిజిక్స్ మీద ప్రేమ ఉండి మూడోదానికి ఏదో ఒకటి అనుకునే పిల్లలు, ఒకే సరైన జవాబు లేకపోతే నిద్రపట్టని పిల్లలు దీన్ని వదిలేయడం మంచిది. తేల్చుకోలేకపోతే సెప్టెంబరులో చేరి, మొదటి మూడు వారాల్లోనే ఒక పది మార్కుల ఐటమ్ ప్రశ్న రాసి టీచర్‌తో దిద్దించుకోండి. అన్వయంలో నాలుగుకి రెండైనా వస్తే ఉండొచ్చు. సబ్జెక్టు మార్చుకునే గడువు చాలా స్కూళ్లలో మొదటి కొన్ని వారాలే, కచ్చితమైన తేదీ చేరిన రోజే అడిగి పెట్టుకోండి.